ఎవరి బరువు వారిదేనా?

విదేశాల్లో ఉన్న కూతుళ్ళ దగ్గరికి వెళ్ళొచ్చిన అమ్మలు చెప్పే కబుర్లు మీకు కొత్తేం కాదు. మంచు ఎలా కురిసిందో, వీధులు ఎంత అద్దంలా ఉన్నాయో, గుప్పెడు కరివేపాకు ఎంత ఖరీదో ఇప్పటికి అందరూ చెప్పేశారు. నేనూ అక్టోబరు నుంచి మూడు నెల్లు ఆస్ట్రియాలో, వియన్నాలో మా అమ్మాయి దగ్గర ఉండొచ్చాను. అవన్నీ నేనూ చూశాను. కానీ వచ్చినప్పట్నుంచీ నా మనసులో మెదులుతున్నది మాత్రం ఒక గుర్రం. నవ్వకండి. ఈ వయసులో ఈవిడకి గుర్రాలేమిటి అనుకోకండి. నేను ఎక్కలేదు లెండి. బల్లమీద కూర్చుని చూశాను, అంతే.

మా మనవరాలికి పదమూడేళ్ళు. నాలుగేళ్ళుగా గుర్రపుస్వారీ నేర్చుకుంటోంది. నా చిన్నతనంలో ఆడపిల్ల సైకిలెక్కితేనే అరుగులమీద వాళ్ళు మెడలు తిప్పి చూసేవారు. ఇది చూస్తే తనకి మూడింతల ఎత్తున్న జంతువు మీద దర్జాగా కూర్చుంటుంది! ప్రతి శనివారం పొద్దున్నే ఊరి శివార్లలో ఉన్న స్వారీబడికి వెళ్ళాలి. మా అమ్మాయికీ అల్లుడికీ వారం పనులన్నీ ఆ రోజే. అంచేత పిల్లకి తోడు నేను. తోడంటే ఏముందీ — రెండు స్వెట్టర్లు, వాటిమీద శాలువా, కాళ్ళకి మేజోళ్ళు, చేతిలో కాఫీ ఫ్లాస్కు. నన్ను చూసి గుర్రాలే బెదరాలి.

మొదటి శనివారం నాకు ఒళ్ళు మండింది. గంటకింతని బోలెడు డబ్బు కట్టించుకుని, పావుగంట సేపు గుర్రాన్ని ఊరికే నడిపించారు. ఇసక పరిచిన ఆవరణ — ఇరవై మీటర్ల వెడల్పు, నలభై మీటర్ల పొడుగు. దాని చుట్టూ, పగ్గాలు బాగా వదులుగా విడిచి, ఏదో గుడికి ప్రదక్షిణం చేస్తున్నట్టు నడక. పరుగు లేదు, దూకుడు లేదు.

"ఇదేం చదువే? ఇంత డబ్బూ పోసి ఒట్టి నడకా?" అన్నాను మనవరాలు నా పక్కకొచ్చినప్పుడు.

"ఒళ్ళు వేడెక్కిస్తున్నా అమ్మమ్మా. లేకపోతే దానికి నెప్పి చేస్తుంది" అంది పైనుంచి, నాకేదో జాలిగా బోధపరుస్తున్నట్టు.

తర్వాత వివరంగా తెలుసుకున్నాను. రాత్రంతా కొట్టంలో నిలబడిన గుర్రానికి కీళ్ళు బిగిసి ఉంటాయి. మెల్లిగా నడుస్తుంటే కీళ్ళలోని జిగురుద్రవం బాగా పనిచెయ్యటం మొదలెడుతుంది, కండరాలకి రక్తం అందుతుంది. గుర్రానికి మరో విచిత్రం ఉంది. దాని ప్లీహంలో ఎర్ర రక్తకణాలు దండిగా నిలవ ఉంటాయి. పని మొదలయ్యాక అవి రక్తంలోకి వస్తాయి. మనం నెలాఖరుకని పోపులడబ్బాలో దాచుకున్న డబ్బులాగన్నమాట. ముందు పది పదిహేను నిమిషాలు నడక. ఆ తర్వాత పెద్ద పెద్ద గుండ్రాల్లో నెమ్మదైన దౌడు. ఆ తర్వాతే అసలు పాఠం. చలికాలం పొద్దుట మంచం దిగగానే నా మోకాళ్ళు చేసే అల్లరి నాకు తెలుసు గనక, ఈ సంగతి మరొకరు నచ్చచెప్పక్కర్లేకపోయింది.

అసలు సంగతి ఇప్పుడు చెప్తాను. మా పిల్లకి ఇచ్చిన గుర్రం పేరు మోరిట్జ్. గోధుమరంగు, మా పాత బీరువా అంత శరీరం, పిల్లల్ని చూస్తే మహా ప్రేమ. ఉన్న లోపమల్లా ఒక్కటే — ముందుమొగ్గు. అంటే ఒంటి బరువంతా ముందుకాళ్ళ మీద వేసి, తల కిందికి దించి, నోట్లో ఉన్న కళ్ళెం మీదికి ఒరిగిపోతుంది. ఆ బరువు పగ్గాల్లోంచి సరాసరి పిల్ల చేతుల్లోకొస్తుంది. పావుగంటకల్లా "అమ్మమ్మా, భుజాలు ఊడిపోతున్నాయి" అని ఏడుపుమొహం పెట్టేది.

మొగ్గు అనగానే నాకు జట్కా గుర్తొచ్చింది. చిన్నప్పుడు తెనాలి స్టేషన్లో దిగి జట్కా ఎక్కితే, బండివాడు కదిలే ముందు వెనక్కి తిరిగి చూసి, "కాస్త వెనక్కి జరగండమ్మా, ముందు మొగ్గింది" అనేవాడు. మా మేనత్త వెనక్కి జరిగితే, "మరీ అంత జరక్కండి, గుర్రం గాల్లోకి లేస్తుంది" అనేవాడు. అందరం పకపకా నవ్వేవాళ్ళం. రెండు చక్రాల బండిలో బరువు ముందుకొస్తే గుర్రం వీపు కుంగుతుంది, వెనక్కి పోతే పొట్టకింద పట్టీ పైకి లాగేస్తుంది. ఆ మధ్యన ఎక్కడో ఉంది సుఖం. బండివాడికి అది తెలుసు. ఏ బళ్ళో చదివాడు గనకా?

నిజానికి గుర్రాలన్నిటికీ పుట్టుకతోనే కొంత ముందుమొగ్గు ఉంటుంది. అయిదొందల కిలోల గుర్రం నిలబడి ఉందంటే సుమారు మూడొందల కిలోలు ముందుకాళ్ళ మీదే ఉంటాయి. బారెడు మెడా, అంత తలా ముందుకి వేలాడుతుంటే మరేమవుతుంది? పైగా మనకి మెడ కింద అడ్డంగా ఉండే ఎముక గుర్రానికి లేదు. ముందుకాళ్ళకీ మొండేనికీ ఎముకల అతుకే లేదు. కండరాలే ఉయ్యాల తాళ్ళలాగ మోస్తున్నాయి. మేతకోసం తల వంచుకుని తిరిగే జీవానికి ఇందులో ఇబ్బందేమీ లేదు. వీపుమీదికి మనిషెక్కాకే చిక్కంతా. ఆ బరువు కూడా ముందుకే చేరితే భుజాలు అరుగుతాయి, నరాలు దెబ్బతింటాయి, కాలు తడబడుతుంది. పాపం మోరిట్జ్‌కి నడుము వెనకభాగం ఎత్తు, ముందుభాగం పల్లం. పుట్టుకతో వచ్చిన మొగ్గు కొంతా, అలవాటుతో వచ్చింది కొంతానూ.

స్వారీ నేర్పే పంతులమ్మగారికి యాభై దాటి ఉంటాయి. మాట తక్కువ, చూపు ఎక్కువ. ఆవిడ జర్మన్‌లో అన్నది మనవరాలు నాకు తెలుగులో చెప్పింది: "మోరిట్జ్‌కి నాలుగు కాళ్ళున్నాయి. నీ చేతుల్ని అయిదో కాలు చెయ్యకు."

ఆ మాట నా గుండెల్లో ఎక్కడో గుచ్చుకుంది. ఎందుకో చెప్పాలంటే మా తమ్ముడి సంగతి చెప్పాలి.

మా అమ్మ పోయేనాటికి నాకు పద్దెనిమిది, వాడికి ఆరు. నాన్నగారు అప్పట్నుంచీ పడక్కుర్చీకే అంకితమైపోయారు. వాడికి అన్నం కలిపి పెట్టింది నేను, పలకమీద దిద్దించింది నేను. నా పెళ్ళయ్యాక వాణ్ణి నాతో తీసుకొచ్చేశాను. మావారు ఒక్కమాట అనలేదు. ఆ మంచితనం ఆయనది. డిగ్రీలో ఏ గ్రూపు తీసుకోవాలో నేనే చెప్పాను. పిల్లని నేనే చూశాను. జిరాక్సు షాపు నేనే పెట్టించాను. అది మూతపడితే చేపల చెరువులో వాటా. అది మునిగితే సెల్‌ఫోన్ల కొట్టు. ప్రతిసారీ చివర్లో ఒకే మాట — "అక్కా, ఈ ఒక్కసారికీ." ప్రతిసారీ నేను ఏదో ఒకటి తీసిచ్చేదాన్ని. మా అమ్మ గొలుసు అలాగే పోయింది. మావారి రిటైర్మెంటు డబ్బులో కొంత అలాగే పోయింది. "వాడికి నేను తప్ప ఎవరున్నారు?" అనేదాన్ని. ఇప్పుడు వాడికి యాభై నాలుగు.

రెండేళ్ళ కిందట ఒకరోజు నాకు విసుగెత్తింది. మళ్ళీ ఫోను, మళ్ళీ ఆ మాటే. "ఇహ నాకు ఫోను చెయ్యకు. నీ బతుకేదో నువ్వు బతుకు" అనేసి పెట్టేశాను. చుట్టపక్కాలంతా మెచ్చుకున్నారు. ఇన్నాళ్ళకి తెలివొచ్చిందన్నారు. వాడు నిజంగానే ఫోను చెయ్యలేదు. ఎనిమిది నెల్లు! ఆ తర్వాత ఒక పెళ్ళిలో మా పిన్ని చెప్పగా తెలిసింది — ఫీజు కట్టలేక మా మేనకోడలు ఒక సెమిస్టరంతా కాలేజీ మానేసి ఇంట్లో కూర్చుందట. బంగారంలా చదివే పిల్ల. అత్తకి చెప్తే అత్త మనసు కష్టపడుతుందని చెప్పొద్దందిట.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడే డబ్బు పంపాను. ఇహ అక్కణ్ణుంచి చూడండి, వాడు అడక్కుండానే పంపటం మొదలెట్టాను! మోస్తే వాడు నిలబడడు. వదిలేస్తే పసిపిల్ల పడుతుంది. ఇందులో ధర్మం ఏది? ఇదీ నేను వియన్నాకి సామానుతోపాటు మోసుకెళ్ళిన ప్రశ్న.

మా అమ్మాయికిది పెద్ద ప్రశ్నేం కాదు. "ఎవరి బరువు వాళ్ళు మొయ్యాలమ్మా. నువ్వు మోస్తున్నన్నాళ్ళూ మావయ్య మారడు" అంటుంది. ఆ దేశంలో బతికి అలా అంటోందనుకోను. ఇక్కడ ఉన్న మా తోటికోడలూ అదే అంటుంది. రక్తం పంచుకుపుట్టినవాణ్ణి ఎలా వదులుకుంటామని మా పిన్ని అంటుంది. ఇద్దరి మాటా నాకు సబబుగానే తోస్తుంది. అదే నా కష్టం.

నాలుగో శనివారమో అయిదోదో, మా మనవరాలికీ విసుగెత్తింది. దౌడులో ఉండగా, "ఫో, నీ ఇష్టం" అన్నట్టు పగ్గాలు ఒక్కసారిగా వదిలేసింది. అన్నాళ్ళూ ఆ చేతులమీద ఒరిగున్న మోరిట్జ్ ముందుకి తూలి, మోకాళ్ళమీద పడబోయి, ఎలాగో నిలదొక్కుకుంది. నా ప్రాణాలు పైనే పోయాయి. పిల్ల మొహం తెల్లబోయింది.

పంతులమ్మగారు కోప్పడలేదు. దగ్గరికొచ్చి గుర్రం మెడమీద చెయ్యేసి చాలాసేపు మాట్లాడింది. ఇంటికెళ్ళేటప్పుడు బస్సులో మనవరాలిచేత ఆ మాటలన్నీ మళ్ళీ చెప్పించుకున్నాను.

"వేలాడదీసుకోవద్దన్నాను గానీ పారెయ్యమనలేదు. నువ్వు చెయ్యి వదిలే ముందు దాని వెనకకాళ్ళని లేపావా? లేదు. బలమంతా వెనకకాళ్ళలో ఉంది. అది నిద్రపోతోంది. దాన్ని లేపకుండా ముందు ఆసరా తీసేస్తే అది దేనిమీద నిలబడుతుంది?"

అప్పట్నుంచీ పాఠం తీరు మారింది. ముందు మామూలు నడక. తర్వాత దౌడు పది అడుగులు, నడక మూడడుగులు, మళ్ళీ దౌడు. ఆగటం, రెండు మూడడుగులు వెనక్కి వెయ్యటం, మళ్ళీ బయల్దేరటం. ఇలా వేగం మార్చినప్పుడల్లా గుర్రం తన వెనకకాళ్ళని పొట్టకిందికి తెచ్చుకోవాలి. తెచ్చుకున్నప్పుడు బరువు వెనక్కి జరుగుతుంది, తల దానంతటదే తేలికవుతుంది. తొందరపెట్టి పరిగెత్తిస్తే మాత్రం ఇంకా ముందుకే పడుతుందిట. రౌతు ముందు తన కాళ్ళతో వెనకబలాన్ని పిలవాలి, అది వస్తుండగా ఒక్క క్షణం పిడికిలి బిగించాలి, వెంటనే సడలించాలి. ఈ సడలించటం ఉంది చూశారూ, అదే పెద్ద విద్య. బిగించటం ఎవరికైనా వస్తుంది.

ఇంకొకటి — తలా భుజాలూ కాస్త లోపలికి తిప్పి, గోడ వెంటే ఏటవాలుగా నడిపించటం. దీన్ని ఒక పద్ధతిగా తీర్చి 1733లో అచ్చయిన తన పుస్తకంలో రాసినాయన గెరినియేర్ అనే ఫ్రెంచివాడు. దాదాపు మూడొందలేళ్ళుగా ఆ ఒక్క నడకతో ఎన్ని గుర్రాల ఒళ్ళు సడలిందో! మోరిట్జ్ ఆ నడకలో పడ్డ కాసేపటికి కళ్ళెం మెత్తగా నములుతుంది, ముక్కుతో 'బుర్ర్' మని గాలి వదులుతుంది, వీపు ఊగుతుంది. అంటే ఒళ్ళు వేడెక్కిందని. నాకు ఆ 'బుర్ర్' వినపడితే మనసు కుదుటపడేది, బియ్యం ఉడికి గంజి పొంగిన చప్పుడు విన్నట్టు.

జర్మన్ భాషలో ఒక మాట నాకు బాగా నచ్చింది. గుర్రం నోటికీ రౌతు చేతికీ మధ్య ఉండవలసిన సరైన సంబంధాన్ని 'ఆన్‌లేనుంగ్' అంటారు. మాటకి మాటగా అర్థం చెప్తే — ఆనుకోవటం! "ఆనుకోవటమే తప్పని గదా మీరు చెప్తున్నది?" అని పంతులమ్మగారిని అడిగించాను. ఆవిడ నవ్వి, నా చెయ్యి తీసుకుని తన చేతిలో పెట్టుకుంది. రోడ్డు దాటేటప్పుడు పెద్దపిల్ల చెయ్యి పట్టుకుంటామే, అలాగ. "ఇది ఆన్‌లేనుంగ్" అంది. తర్వాత తన ఒళ్ళంతా నా చేతిమీద వేసి వేలాడబోయింది. "ఇది కాదు."

మన భాషలోనూ ఆ తేడా ఉంది. ఆనుకోవటం వేరు, ఒరిగిపోవటం వేరు. తంబురా భుజానికి ఆనుకుంటుంది. గోడ పడబోతూ ఒరుగుతుంది. చంటిపిల్లలూ, జబ్బుమనుషులూ, ముసలివాళ్ళూ ఒరిగిపోవలసిందే, మనం మొయ్యవలసిందే. అందులో న్యాయాన్యాయాల విచారం లేదు. మిగిలినవాళ్ళం ఒకరికొకరం ఆనుకుంటాం. "ఎవరి బరువు వాళ్ళదే" అనే మాట అందుకే నాకు పూర్తిగా మింగుడు పడదు. ఆనుకోనివాళ్ళు ఈ లోకంలో ఎవరున్నారు చెప్పండి?

నవంబర్లో ఒకరోజు నన్ను హోఫ్‌బుర్గ్ రాజభవనంలోని స్పానిష్ స్వారీబడికి తీసుకెళ్ళారు. నాలుగొందల ఏళ్ళు పైబడిన సంప్రదాయం. ఇప్పుడున్న శాల 1729, 1735 మధ్య కట్టింది. తెల్లటి స్తంభాలు, పైన షాండిలియర్లు, కింద ఇసక. ఆ తెల్లగుర్రాలు పుట్టినప్పుడు నల్లగానో గోధుమరంగుగానో ఉంటాయిట; ఏళ్ళు గడిచిన కొద్దీ మన జుట్టులాగే తెల్లబడతాయి. ఇంత చరిత్ర ఉన్న ఆ బడిలో రౌతు శిక్షణకి ఆడపిల్లల్ని మొదటిసారి తీసుకున్నది 2008లో. "నయమే, తీసుకున్నారు" అన్నాను.

మేం వెళ్ళింది పొద్దుటి సాధనకి. గాల్లోకి దూకే విన్యాసాలుంటాయని వచ్చినవాళ్ళు కొందరు, సంగీతం వింటూ గుర్రాలు ఊరికే నడుస్తూ, ఆగుతూ, మళ్ళీ నడుస్తూ ఉంటే ఆవలించి లేచిపోయారు. నేను మాత్రం కదల్లేదు. అక్కడ ఏం జరుగుతోందో నాకు తెలుసు గదా! ఎంత విద్వాంసుడైనా పొద్దున్నే సరళీస్వరాలు పాడుకున్నట్టు, ఆ మహాగుర్రాలూ మోరిట్జ్ పాఠమే చదువుకుంటున్నాయి.

ఒక రౌతు నడుస్తూ నడుస్తూ రెండు చేతులూ మెల్లిగా ముందుకి జరిపాడు. గుర్రం మెడమీద జూలు వెంట నిమురుతున్నట్టు. పగ్గాలు వేలాడాయి. రెండడుగులు, మూడడుగులు. గుర్రం తల అలాగే ఉంది, నడక అలాగే ఉంది. మళ్ళీ చేతులు యథాస్థానానికి వచ్చాయి. తర్వాత ఆగి, కోటు తోక దగ్గరున్న జేబులోంచి పంచదార బిళ్ళ తీసి పెట్టాడు.

"అదే అమ్మమ్మా, ఊబర్‌ష్ట్రైఖెన్" అని నా చెవిలో చెప్పింది మనవరాలు. పైనుంచి నిమరటం అని దానర్థం. గుర్రం తనంతట తాను నిలబడి ఉందా, నా చేతిమీద ఒరిగి ఉందా అని రౌతు చూసుకునే పరీక్ష అది. నాకు ఒళ్ళు పులకరించింది. వదలటమూ నిమరటమూ ఒకే పని కావచ్చని ఇన్నేళ్ళలో నాకెవరూ చెప్పలేదు. నేను వదిలిన ఒకే ఒక్కసారి, ఫోను ఠపీమని పెట్టేశాను.

ఆ రోజునుంచీ నన్ను నేను తరచి చూసుకోవటం మొదలెట్టాను. మోరిట్జ్ లాగుతోందని పిల్ల గొడవ పెట్టినప్పుడల్లా పంతులమ్మగారు అడిగే ప్రశ్న ఒకటుంది: "ముందు లాగింది ఎవరు?" లాగటానికి అవతల ఒక చెయ్యి ఉంటేనే గదా గుర్రం లాగేది.

ముందు లాగింది నేనే. తల్లిలేని పిల్లాడని ఆరేళ్ళవాడికి చెప్పినట్టే ఇరవై ఆరేళ్ళవాడికీ చెప్పాను, నలభై ఆరేళ్ళవాడికీ చెప్పాను. కొట్టు బోర్డుకి ఏ రంగు వెయ్యాలో కూడా నేనే చెప్పాను. "నువ్వేమంటావురా?" అని ఒక్కసారైనా అడిగిన గుర్తు లేదు. నిజం చెప్పొద్దూ, "వాడికి వాళ్ళక్క దేవత" అని నలుగురూ అంటుంటే నాకు లోపల చల్లగా ఉండేది. వాడి బరువు మోస్తున్నానని నిట్టూర్చేదాన్ని గానీ, ఆ బరువు లేకపోతే నా చేతులకి పనేముంది అన్న భయం నాకే ఉండేదేమో. అంటే, వాడెంత నామీద ఒరిగాడో నేనూ వాడిమీద అంతే ఒరిగాను. పైకి మాత్రం ఒకరు మోసేవారు, ఇంకొకరు బరువు.

ఆ ఎనిమిది నెల్లూ నేనేం చేశానో కూడా గుర్తొచ్చింది. డబ్బు ఆపేశాను గానీ, పిన్నిచేత కబుర్లు పంపుతూనే ఉన్నాను — కొట్టు అమ్మెయ్యమను, ఇల్లు మారమను, ఆ స్నేహితుణ్ణి దగ్గరికి రానివ్వద్దను. మనకి సామెత ఉంది గదా, గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదని. నేను సరిగ్గా తలకిందులు చేశాను. దాణా ఆపేశాను, పగ్గాలు మాత్రం వదల్లేదు! పిల్ల చదువు దాణా. అది ఆపకూడనిది. వాడి నిర్ణయాలు పగ్గం. అవి నా చేతిలో ఉండవలసినవి కావు. ఇంత తేలికైన లెక్క నాకు అరవై ఆరేళ్ళకి, ఊరుగాని ఊళ్ళో, చలిలో వణుకుతూ బల్లమీద కూర్చుంటే తెలిసింది.

"మావయ్యని గుర్రంతో పోలుస్తావా అమ్మా?" అని మా అమ్మాయి అడిగింది. మంచి ప్రశ్నే. గుర్రాన్ని 'నా మీద ఎక్కుతావా' అని మనం అడిగామా, అది సరేనందా? మనిషి మనిషి మీద ఎక్కి స్వారీ చెయ్యటానికి ఎవరికీ హక్కు లేదు, ప్రేమ పేరుతోనైనా సరే. పోలిక అక్కడితో ఆగిపోతుంది. అయితే నలుడికి అశ్వహృదయం తెలుసని భారతంలో చదివినప్పుడు, అదేదో గుర్రాల్ని వేగంగా పరిగెత్తించే మంత్రమనుకునేదాన్ని. ఎప్పుడు అందుకోవాలో, ఎప్పుడు సడలించాలో తెలియటమేనేమో అని ఇప్పుడనిపిస్తోంది. ఆ విద్య గుర్రాలతోనే పూర్తయ్యేది కాదు.

జనవరిలో ఇంటికొచ్చాను. వారం తిరక్కుండా తమ్ముడి ఫోను. కోల్డు స్టోరేజీలో సూపర్‌వైజరు ఉద్యోగం ఇస్తామంటున్నారట. మరోపక్క, సెల్‌ఫోన్ల కొట్టే ఇంకో సందులో తక్కువ అద్దెకి దొరుకుతోందట.

"ఏం చెయ్యమంటావక్కా?"

జవాబు నా నాలుకమీదే ఉంది. ఉద్యోగంలో చేరు, నెల తిరిగేసరికి జీతమొస్తుంది. ఇంతలో పావుగంట నడక జ్ఞాపకమొచ్చింది. ముందు మరదలి మోకాలెలా ఉందని అడిగాను. మేనకోడలి పరీక్షల సంగతి అడిగాను. దాని ఫీజు నేనే కాలేజీకి కడతానని, అందులో మాటేమీ లేదని చెప్పాను. ఉసిరికాయ పచ్చడి పెట్టారా అని అడిగాను. వాడి గొంతు కాస్త మెత్తబడ్డాక అన్నాను:

"నువ్వేమనుకుంటున్నావురా?"

అవతల చప్పుడు లేదు. ఎంతసేపటికీ లేదు. చివరికి, "లైను కట్టయిందా అక్కా?" అన్నాడు.

"లేదురా, వింటున్నాను."

ఆ తర్వాత వాడు ఇరవై నిమిషాలు మాట్లాడాడు. ఏ సందులో జనం ఎంత తిరుగుతారో, పాత కొట్టు ఎందుకు మునిగిందో, తను చేసిన పొరపాటేమిటో — వాడికివన్నీ తెలుసని నాకు తెలియదు. అంతా చెప్పి, "కొట్టే పెడతానక్కా. డబ్బు అడగను. ఫోన్లు బాగుచేసే బల్ల ఒక్కటీ వేసుకుంటా" అన్నాడు.

నేనైతే ఉద్యోగమే అనేదాన్ని. చెయ్యి పగ్గంమీదికి పోయింది, అబద్ధం చెప్పను. గట్టిగా ఊపిరి పీల్చుకుని, "సరే నాన్నా. బల్ల తూర్పు..." అని, అక్కడ ఆపేశాను. తూర్పో పడమరో వాడే చూసుకుంటాడు.

కొట్టు నిలబడుతుందో లేదో నేను చెప్పలేను. తూలితే చెయ్యి అందుతుందని వాడికి తెలుసు, అది చాలు. మొన్న మనవరాలు ఫోను చేసి, చేతులు ముందుకిచ్చినా మోరిట్జ్ నాలుగడుగులు తల దించకుండా నడిచిందని సంబరంగా చెప్పింది. మర్నాడు మళ్ళీ మామూలేనట. ఒక్క పొద్దుతో తీరే పని కాదు, ప్రతి ఉదయం మొదట్నుంచీ మొదలెట్టాలి అంటుందట పంతులమ్మగారు.

ఇదంతా విని మావారు, "మరి నా మాటేమిటి? నలభై ఏళ్ళ పైనుంచీ నీ చేతి కాఫీమీదే ఒరిగున్నాను" అన్నారు. నేను లేని మూడు నెల్లూ తనే కలుపుకు తాగిన మనిషి, నేను రాగానే పాలగిన్నె ఎక్కడుందో మరిచిపోయారు!

"ముందు అలా పార్కు దాకా పావుగంట నడిచి రండి. ఒళ్ళు వేడెక్కాక మాట్లాడదాం" అన్నాను.